తోకచక్రపు కమాను మీద ఒక అక్షరం

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను పరీక్షించి, సంతకం పెట్టి పంపిన వస్తువుల్లో చాలా పెద్దవి ఉన్నాయి. సున్నపురాయిని నలగ్గొట్టే యంత్రాల సుత్తులు, సిమెంటు బట్టీని తిప్పే పళ్ళచక్రాలు, ఇద్దరు మనుషులు కౌగిలించుకున్నా చేతులు కలవనంత లావు ఇరుసులు. అవేవీ ఇప్పుడు నాకు కలలోకి రావు. వచ్చేది ఒక్కటే: మూరకు కాస్త తక్కువ పొడవు, రెండు వేళ్ళ వెడల్పు, ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పట్టీ. కలలో అది ఎప్పుడూ తెల్లటి నేల మీద, ఎవరి బరువూ మోయకుండా, మెల్లగా వంగుతూ లేస్తూ ఉంటుంది.

కిందటి నెల నలుగురు కుర్ర ఇంజినీర్లు మా ఇంటికి వచ్చారు. నేను వదిలి వచ్చిన పరీక్షల గదిలోనే కొత్తగా చేరినవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి, "మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పేంటి సార్?" అని అడిగింది. టీ చల్లారిపోతోందని చెప్పి మాట మార్చాను. ఆ రోజు చెప్పవలసిన జవాబు ఇది.

మా కర్మాగారం జగ్గయ్యపేటకు అవతల, సున్నపురాయి గనుల నడుమ ఉండేది. అక్కడ ఉదయపు రంగు తెలుపు. రోడ్డు పక్క తుమ్మచెట్లు, ఆటోల టాపులు, డాబాల మీది నీళ్ళ ట్యాంకులు అన్నీ ఒకే పిండి రాసుకుని నిలబడ్డట్టు ఉంటాయి. ఆ తెలుపు లోపలికి రాకుండా రెండు తలుపులు బిగించుకున్న గది మాది. అందులో లోహాల గట్టిదనం కొలిచేవాళ్ళం, పగుళ్ళు వెతికేవాళ్ళం, విరిగినవి ఎందుకు విరిగాయో రాసేవాళ్ళం. ఆ గదికి నేను పెద్దను. పదిహేనేళ్ళుగా నాతో పనిచేస్తున్న కెమిస్టు ఒకావిడ ఉండేది. మాటలు పొదుపుగా వాడేది, చూపు మాత్రం ఎక్కడా పొదుపు చేసేది కాదు.

నా రిటైర్మెంటుకు ఇంకా పదహారు నెలలు ఉండగా, ఒక మధ్యాహ్నం ఆ రెండు తలుపులూ తీసుకుని ఒక పెద్దమనిషి వచ్చారు. అరవై ఆరేళ్ళుంటాయి. చేతిలో గుడ్డసంచి. సంచిలోంచి అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది దేని చక్రమో చెప్పండి చూద్దాం," అన్నారు.

"ట్రాలీదా అండీ?" అంది కెమిస్టు.

"విమానానిదమ్మా. తోకచక్రం."

ఆవిడ చక్రాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "మిగతాది ఏదండీ?" అని అడిగింది.

"మిగతాది నందిగామలో ఉంది."

ఆయన నందిగామలో ఒక పత్తి జిన్నింగు మిల్లు యజమాని. పదకొండేళ్ళుగా, మిల్లు ఆగి ఉండే నెలల్లో, మిల్లు లోపలే ఇద్దరు కూర్చునే చిన్న విమానం కట్టుకుంటున్నారు. తెప్పించుకున్న నమూనా పటాల్లో అన్ని కొలతలూ ఉన్నాయట. తోకచక్రాన్ని మోసే స్ప్రింగు దగ్గర మాత్రం, ఆకారం గీసి, తగిన ఉక్కును స్థానికంగా ఎంచుకోమని రాసి వదిలేశారట. "ఆ 'తగిన' అన్న మాట దగ్గర ఆరు నెలలుగా ఆగిపోయానండి," అన్నారు. ఆ ఒక్క వాక్యంతో ఆయన నాకు నచ్చారు. 'తగిన' అన్న మాట దగ్గర ఆగేవాళ్ళు తక్కువ.

ఆ ఆదివారం బస్సెక్కి నందిగామ వెళ్ళాను. జిన్నింగు కాలం ముగిసి చాలా రోజులైనా మిల్లు గాలిలో దూది ఇంకా తేలుతూనే ఉంది. పైకప్పులోని గాజు రేకు గుండా పడే ఎండలో సన్నని పోగులు పైకీ కిందకీ కాకుండా, ఎటు వెళ్ళాలో ఇంకా నిర్ణయించుకోనట్టు నిలబడి ఉన్నాయి. వాటి మధ్యలో విమానం ఉంది. ముందు రెండు కాళ్ళ మీద నిలబడి, తోకను ఒక పత్తి బేలు మీద ఆనించి, ముక్కు పైకెత్తి ఉంది. ఒక రెక్కకు అప్పటికే గుడ్డ కప్పారు. రెండో రెక్క బల్లల మీద పడుకుని ఉండగా ఒకావిడ వంగిన సూదితో దానికి గుడ్డ కుడుతోంది.

"మా ఇంటావిడ," అన్నారు మిల్లాయన. "హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం నేను కొలవక్కర్లేదు."

ఆవిడ సూది ఆపకుండానే, "నమస్కారం అన్నయ్యగారూ. తోక సంగతి తేల్చేది మీరేనా?" అంది.

"ప్రయత్నిస్తానమ్మా."

"ప్రయత్నం కాదండీ. ముందు సీటు ఆయనది, వెనక సీటు నాది. ఆ తోకకి దగ్గరుండేది నేను. విరగదని మీరు చెప్తే కూర్చుంటా, లేకపోతే ఇక్కడే కూర్చుని దుప్పట్లు కుట్టుకుంటా."

ఈ రకం విమానం సంగతి తెలియనివారికి ఒక్క మాట. నేల మీద ఉన్నంతసేపూ తోకచక్రమే దాని మూడో కాలు. ఆ చక్రాన్ని మోసే కమాను వేగంలో విరిగితే తోక నేలను కొట్టుకుంటుంది, చుక్కాని నలుగుతుంది, విమానం పక్కకు తిరిగి తలకిందులవుతుంది. లోపల ఇద్దరుంటారు.

టీ తాగుతుండగా మిల్లాయన ఇంకో సంగతి చెప్పారు. కుడికన్ను మధ్యలో ఒక మచ్చ మొదలైందట. "ఈ ఏడు పరీక్ష గట్టెక్కా. వచ్చే ఏడు చెప్పలేనన్నాడు డాక్టరు," అన్నారు, వానల గురించి చెప్పినంత మామూలుగా. ఎగరడానికి కావలసిన అనుమతికి మొదటి మెట్టు, అనుభవజ్ఞుడైన పరీక్షకుడి ముందు నేల మీద వేగంగా పరుగెత్తించి చూపించడం. ఆ మెట్టు ఆయన చూపు చెల్లుబాటులో ఉండగానే ఎక్కాలి. నా పని అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఒక ఉక్కు ముక్కను ఎంచడం ఒక్కటే కాదు, ఒక మనిషి చూపు ఆగిపోయే లోపల ఎంచడం.

ఎంపికకు నాలుగు ఆదివారాలు పట్టింది. మిల్లాయన ఒక పొడవు బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, తనకు దొరికిన పదార్థాలన్నిటినీ వరసగా పేర్చారు. లారీ కమాను పట్టీ, గాజుపోగుల కడ్డీ, అల్యూమినియం మిశ్రమలోహపు పలక, ఎక్కడి నుంచో సంపాదించిన టైటానియం ముక్క. టీచరుగారు చూసి, "పెళ్ళిచూపులకి అందరూ వచ్చేశారు. మీకెవరు నచ్చారో చెప్పండి అన్నయ్యగారూ," అంది. కాసేపాగి, "మా పుట్టింటి వైపు కావడి బద్ద ఉండేది. ఇంత చర్చ లేకుండానే ఊగేది," అని కూడా అంది.

అల్యూమినియం తేలిక. అయితే ఉక్కుతో పోలిస్తే మూడోవంతు బిగువే ఉంటుంది. పైగా చిన్న చిన్న వంపులు కూడా దానికి లెక్కే. ఎంత తక్కువ వంచినా ఏదో ఒకనాటికి అలిసిపోతుంది. గాజుపోగుల కడ్డీ అద్భుతంగా వంగుతుంది, కానీ దాన్ని బోల్టు కింద బిగించిన చోట పోగులు నలుగుతాయి, ఆ నలుగుడు పైకి కనబడదు. కనబడకుండా పాడయ్యే వస్తువును నేను ఉద్యోగంలో ఏనాడూ నమ్మలేదు. టైటానియం నాకు చాలా ఇష్టం. చేతిలోకి తీసుకుంటే అది ఉన్నదీ లేనిదీ తెలియదు. కానీ మా దగ్గర ఉన్నది చేతివేలంత ముక్క. దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు.

మిగిలింది ఉక్కు. లారీ కమాను పట్టీలు మా వైపు కొదవ లేనివి. గరికపాడు చెక్‌పోస్టు దాటే ప్రతి లారీ కిందా ఒక కట్ట ఉంటుంది. విరిగినవి హైవే పక్క కొట్ల ముందు గుట్టలుగా పడి ఉంటాయి. మంచి ఉక్కే. ఒకటే ఇబ్బంది: పాత పట్టీ ఎన్ని గతుకుల మీద ఎన్నిసార్లు వంగిందో దానికి తప్ప ఎవరికీ తెలియదు. లోహానికి జ్ఞాపకం ఉంటుంది. మనం అడిగినప్పుడు చెప్పదు, విరిగేటప్పుడు చెబుతుంది. అందుకని కొత్త ఉక్కే కావాలన్నాను. క్రోమియం, వెనేడియం కలిసిన పట్టీ ఉక్కు విజయవాడలో ఒక వ్యాపారి దగ్గర దొరికింది. నిలబడి ఉన్నప్పుడు తోక మీద పడే బరువు ముప్పై రెండు కిలోలు. దానికి నాలుగు రెట్ల తాకిడి తగిలినా తట్టుకునేలా మూడు పట్టీల కట్ట సరిపోతుందని లెక్క తేలింది. కింద పొడవైన ప్రధాన పట్టీ, దాని పైన ఒకదాని కంటే ఒకటి పొట్టిగా మరో రెండు. టీచరుగారు ఆ లెక్కను వేరే కాగితం మీద మొదటి నుంచీ వేసి, నా జవాబుతో కలిశాకే తల ఊపింది.

పట్టీలకు వంపు పెట్టించడానికి గరికపాడు దారిలో ఉన్న ఒక కమాను మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్ళాను. నల్గొండ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. నా పరీక్షా పత్రం వైపు చూడనైనా చూడకుండా పట్టీ అంచును సాన రాయికి ఆనించాడు. నిప్పురవ్వలు చిమ్మాయి. నేనెన్నో సార్లు చూసిన దృశ్యమే, అయినా ఆ రోజు కొట్టులోని మసకలో ఆ రవ్వలు గాలిలో చాలాసేపు ఆగినట్టు అనిపించింది. పొడుగాటి నారింజ గీతలు, చివర ఈటెమొనలా చీలినవి.

"మంచి మాలు సార్. లారీది కాదు. దేనికిది?"

"విమానానికి."

మేస్త్రీ పట్టీని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. "గాలిలోపట గతుకులుంటయా సార్?" అని అడిగాడు. నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

అతను ఎర్రగా కాల్చి వంపు పెట్టాడు. దెబ్బ మీద దెబ్బ వేయకుండా, చెక్క దిమ్మె మీద ఆనించి, ఉక్కును బుజ్జగించినట్టు వంచాడు. మూడు పట్టీలూ చల్లారాక నేను సంచిలోంచి, సుత్తితో కొడితే ఉక్కులో అక్షరం దిగే పంచ్‌లు తీశాను.

ఇక్కడ మా కర్మాగారపు ఆచారం ఒకటి చెప్పాలి. మా వర్క్‌షాపు నుంచి బయటికి వెళ్ళే ప్రతి విడిభాగం మీదా నంబరు కొట్టాలి. ఆ ఆదేశం రాసింది నేనే, ఇరవై ఏళ్ళ కిందట. దాని వల్ల ఏ భాగం ఎప్పుడు తయారైందో, ఎవరు పరీక్షించారో వెంటనే తెలిసేది. ఆ ఇరవై ఏళ్ళలో నా చేతికి అది అన్నం కలుపుకోవడమంత అలవాటైంది. ఉక్కును గట్టిపరిచాక పంచ్ దిగదు కాబట్టి ముందే కొట్టాలి. బిగించాక కూడా చదవగలిగేలా, వంగి చూస్తే కనబడే అడుగు వైపున కొట్టాలి. ప్రధాన పట్టీని తిరగేసి దిమ్మె మీద పెట్టాను. మేస్త్రీని సుత్తి అడిగాను.

అతను ఇవ్వలేదు. "దాని మీద రాయకుండ్రి సార్. కమాను మీద మేం సుద్దతోనే రాస్తం," అన్నాడు. "దొంగల భయానికి ఓనర్లు లారీ నంబరు కొట్టిస్తరు. గా పట్టీలు గా నంబరు కాడనే ఇరుగుతయి."

"సుద్ద చెరిగిపోతుంది మేస్త్రీ."

"చెరిగితే మళ్ళ రాసుకోవచ్చు గద సార్."

నేను నవ్వి, నా సుత్తి కోసం స్కూటరు దగ్గరకు నడిచాను. తోక అనడానికి ఒక గుర్తు, క్రమసంఖ్య ఒకటి, సంవత్సరం కొట్టాను. అంతటితో ఆగవలసింది. ఆఖరి సంవత్సరమని కాబోలు, ఎన్నడూ చేయని పని చేశాను. చివర నా పేరులోని మొదటి అక్షరం కూడా కొట్టాను. ఏడు దెబ్బలు. ఒక్కొక్కటీ నిటారుగా, ఒకే లోతులో పడింది. మేస్త్రీ అటు తిరిగి కొలిమి ఊదుకున్నాడు.

తర్వాత అంతా పద్ధతి ప్రకారం జరిగింది. రాతపూర్వకంగా అనుమతి తీసుకుని మా కర్మాగారపు కొలిమిలోనే పట్టీలను కాల్చాం, నూనెలో ముంచి గట్టిపరిచాం, మళ్ళీ మంద వేడిలో కాచి పెళుసుదనం తీశాం. కెమిస్టు గట్టిదనాన్ని తొమ్మిది చోట్ల కొలిచింది. తొమ్మిదీ సరిపోయాయి. నంబరు చూసి ఏదో అనబోయి, నా అక్షరం దగ్గర ఆగి, ఊరుకుంది. ఎందుకు ఊరుకున్నావని చాలాకాలం తర్వాత అడిగాను. "మీ ముఖం చూసి సార్," అంది.

విమానాన్ని నేల మీద పరుగెత్తించి చూడడానికి గని యాజమాన్యం నుంచి కూడా అనుమతి దొరికింది. రాయి తీయడం ఆగిపోయిన ఒక పాత గని అడుగు, ఆదివారాల్లో మాత్రం. కిలోమీటరు పైన పొడవున్న చదునైన తెల్లటి నేల, చుట్టూ మెట్లు మెట్లుగా లేచిన తెల్లటి గోడలు. లోపలికి దిగితే బయటి ప్రపంచపు చప్పుడు పైనే ఆగిపోతుంది. రెక్కలు విప్పి లారీ మీద తెచ్చి, అక్కడ మళ్ళీ బిగించారు. ఆ డిసెంబరు కంటి పరీక్ష మిల్లాయన కష్టం మీద గట్టెక్కారు. చలి తగ్గుతున్న రోజుల్లో నెమ్మది పరుగులు మొదలయ్యాయి. విమానం సుద్దపొడి లేపుకుంటూ పోయి, దూరాన తిరిగి, అదే పొడిలోంచి మళ్ళీ పుట్టుకొచ్చినట్టు వచ్చేది. తోక కింద మూడు పట్టీలూ ఒకదానితో ఒకటి రాసుకుని కిర్రు కిర్రుమనేవి. ఇంజను మోతలో అది చెవికి వినబడదు. వెనక సీట్లో కూర్చున్న టీచరుగారికి మాత్రం తెలిసేది.

"మీ కమాను నా నడుముతో మాట్లాడుతోందన్నయ్యగారూ," అంది మొదటిరోజు దిగుతూనే.

"ఏమంటోందమ్మా?"

"నేలంతా గతుకులేనని చాడీలు చెప్తోంది."

ఆ పరుగుల్లోనే నాకు ఇంకొకటి తెలిసింది. తోక నేల మీద ఉన్నంతసేపూ ఈ విమానం ముక్కు పైకి ఉంటుంది. ముందు కూర్చున్నవాళ్ళకు కూడా ఎదురుగా ఏమీ కనబడదు, రెండు పక్కల అంచులు చూసుకుంటూ దారి ఊహించుకోవాలి. వేగం పెరిగి తోక లేచాకే ఎదుటి దృశ్యం తెరుచుకుంటుంది. మచ్చ ఉన్న కంటికి కూడా అంచులే కనబడతాయి. మిల్లాయన అది చెప్పి, "ఈ బండి నా కన్ను చూసే కట్టినట్టుంది," అని నవ్వారు.

పరీక్షకుడు మే నెలలో ఒక ఆదివారం వస్తానన్నారు. విమానాల మరమ్మతులో జీవితం గడిపి, హైదరాబాదులో విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. ఆ రోజు తప్పితే మళ్ళీ శీతాకాలమే. ఎందుకంటే తొలకరి పడిందంటే ఆ గని చెరువైపోతుంది.

ఆ ఉదయం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. పడమటి గోడ మీద ఒక చిన్న మబ్బు. పరీక్షకుడు గొడుగు కింద కుర్చీ వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా విమానాన్ని చూస్తున్నారు. మిల్లాయన కళ్ళజోడు తుడిచిందే తుడుస్తున్నారు. టీచరుగారు సొంత మిల్లు దూదినే చెవుల్లో పెట్టుకుంటోంది. కెమిస్టు తన సంచిలోంచి మూడు డబ్బాలు తీసింది. ప్రతి ఇరవై పరుగులకూ ఒకసారి కమానుకు రంగు పరీక్ష చేయాలని నేనే నియమం పెట్టాను. ఇరవై పూర్తయ్యాయి.

"ఇవాళ వద్దులెండి, వచ్చే వారం చూద్దాం," అన్నాను.

"రాసింది మీరే సార్," అంది.

ఇద్దరం తోక కింద మోకాళ్ళ మీద కూర్చున్నాం. పట్టీ అడుగును శుభ్రం చేసి ఎర్ర రంగు పూశాం. పగులుంటే ఆ రంగు అందులోకి ఇంకుతుంది. పావుగంట ఆగి, పైరంగు తుడిచేసి, తెల్లటి పూత చిమ్మాం. ఇంకిన ఎరుపు ఆ తెలుపులోకి ఊరి బయటపడాలి. చుట్టూ ఉన్న తెలుపులో అదొక చిన్న తెలుపు. మొదట ఏమీ లేదు. తర్వాత నంబరు కనబడింది. పంచ్ గుంటల్లో రంగు నిలుస్తుంది, అది మామూలే. ఆ తర్వాత, నా పేరు అక్షరపు కింది మూల నుంచి ఒక ఎర్రటి వెంట్రుక మొలిచింది. మేము చూస్తుండగానే పట్టీకి అడ్డంగా బియ్యపు గింజంత పొడవు సాగి ఆగింది.

"గీత సార్," అంది కెమిస్టు.

"సరిగా తుడవలేదేమో."

మళ్ళీ చేశాం. మళ్ళీ అక్కడే వచ్చింది.

పొరపాటు ఏమిటో నాకు చెప్పవలసిన పని ఎవరికీ లేదు. పదునైన మూల ఉన్న గుంటను ముందు కొట్టి, ఆ తర్వాత ఉక్కును నూనెలో ముంచితే ఆ మూల దగ్గరే సూక్ష్మంగా చీలుతుంది. నేల తోకను పైకి నెట్టినప్పుడల్లా ప్రధాన పట్టీ అడుగు వైపే సాగుతుంది. అంటే చదవడానికి వీలుగా ఉంటుందని ఏ ముఖం మీద కొట్టానో, పగులు పెరగడానికి కూడా అదే వీలైన ముఖం. నేను రాసిన ఆ పాత ఆదేశంలోనే మూడో పేరా ఉంది: వంగే పనిచేసే పలుచని భాగాల మీద పంచ్ వాడరాదు. ఇరవై ఏళ్ళుగా ఆ పేరాతో అవసరం పడలేదు, ఎందుకంటే మా దగ్గర పలుచనివేవీ లేవు. ఉన్నదల్లా కొండలను నమిలే ఇనుము.

పిల్లలూ, ఆ మోకాళ్ళ మీద ఉండగానే నేను ఇంకో లెక్క కూడా వేశాను. దాచను. పగులు లోతు అర మిల్లీమీటరుకు మించదు. ఈ రోజు ఒకే ఒక్క వేగపు పరుగు. పట్టీ అప్పటికి నిలిచేదే; ఇప్పటికీ నా లెక్క అదే చెబుతుంది. పరుగు అయ్యాక ఏదో సాకు చెప్పి మార్చేయవచ్చు. మిల్లాయన కళ్ళు ఈ ఏడు పనికొస్తాయి, వచ్చే ఏడు సంగతి తెలియదు. నా అక్షరం సంగతి ఎవరికీ తెలియదు.

అంతలో నా పక్కన రెండు కాన్వాసు బూట్లు ఆగాయి. టీచరుగారు. చెవిలో దూది తీసి, "ఏం అన్నయ్యగారూ, కూర్చోమంటారా?" అంది.

కెమిస్టు నా వైపు చూడకుండా, డబ్బా మూత బిగిస్తూ, చాలా మెల్లగా అంది: "మీరు చెప్తారా సార్, నన్ను చెప్పమంటారా?"

"కూర్చోవద్దమ్మా," అన్నాను. "పగులొచ్చింది. నేను కొట్టిన అక్షరం దగ్గర."

మిల్లాయన వచ్చి వంగారు. ఎదురుగా చూడకుండా తల పక్కకు వాల్చి, కంటి అంచుతో చూశారు. ఆయన అలా చూడడం నేను అదే మొదటిసారి గమనించాను. దొరకలేదు. కెమిస్టు ఆయన వేలు పట్టుకుని ఆ చోట ఆనించింది. ఆయన ఆ తెల్లటి పూత మీద వేలు చాలాసేపు అలాగే ఉంచారు. కోప్పడతారని చూశాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"వానలు ఎప్పటికొస్తాయంటారు?" అన్నారు, అంతే.

పరీక్షకుడు గొడుగు మడిచి వచ్చి, జేబులోంచి భూతద్దం తీసి చూశారు. "నంబరు మాత్రం చాలా శుభ్రంగా కొట్టారండీ. ఇంత దూరం నుంచి కూడా చదవొచ్చు," అన్నారు. ఆ మాట అనే హక్కు ఆయనకుంది. కారెక్కి వెళ్ళిపోయారు.

పది రోజుల్లో వాన పడింది.

ఆ వర్షాకాలంలోనే నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, నా ఖచ్చితత్వం గురించి ముగ్గురు మాట్లాడారు. కెమిస్టు మాట్లాడలేదు, చప్పట్లు మాత్రం కొట్టింది. ఆ తర్వాత చాలా సాయంత్రాలు స్కూటరు మీద ఆ గని అంచుకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. తెల్లటి గోడల మధ్య నీళ్ళు లేత ఆకుపచ్చగా నిండి ఉండేవి. మబ్బులు ఆ నీళ్ళలో, సరిగ్గా మేము విమానం పరుగెత్తించిన దారిలోనే, తొందర లేకుండా వెళ్ళేవి. ఒక్కోసారి వాటిలో ఒకదానికి రెక్కలున్నట్టు కనబడేది. లోహం గురించి తప్ప దేని గురించీ ఆలోచించని మనిషిని. ఆ నెలల్లో నీళ్ళ గురించి చాలా ఆలోచించాను. నీటి మీద ఎవరూ నంబరు కొట్టలేరు.

కొత్త ఉక్కు తీసుకుని మళ్ళీ మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను. పగిలిన పట్టీని ముందు పెట్టాను. నేను ముందే చెప్పాను కదా అంటాడని సిద్ధపడి వెళ్ళాను. అతను అనలేదు. బొటనవేలితో అక్షరాన్ని తడిమి, "ఉక్కు మంచిదే సార్. మీరు రాసిన్రు, అది మరువలే," అన్నాడు. ఈసారి వంపు పెట్టాక పట్టీ అంచులు గుండ్రంగా అరగదీశాడు, అడుగు ముఖాన్ని అద్దంలా నునుపు చేశాడు. గీత పడకుండా గోనెలో చుట్టి ఇస్తూ, జేబులోంచి ఒక సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

డిసెంబరులో టీచరుగారు ఫోను చేసింది. కంటి పరీక్షలో మిల్లాయన తప్పారు. ముందు సీటులో ఇక కూర్చోరాదు. ఒక ఆదివారం, ఒక అక్షరం.

"అన్నయ్యగారూ, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. ఇదంతా నా వల్లే..."

"అది తర్వాత మాట్లాడుకుందాం. ఆ మే నెల నుంచీ వారానికి మూడ్రోజులు హైదరాబాదు వెళ్ళి విమానం నడపడం నేర్చుకుంటున్నా. నిన్న మా మాస్టారు నన్ను ఒంటరిగా గాల్లోకి వదిలాడు."

"మీరా?"

"లెక్కల టీచర్నండీ. తప్పు చేస్తే ఎక్కడ చేశానో నాకు తెలుస్తుంది. ఆ కమాను సంగతి చూడండి ముందు. ఈసారి తోకకి దగ్గరుండేది ఆయన."

గనిలో నీళ్ళు పంపులతో తోడి, నేల ఆరేసరికి ఫిబ్రవరి వచ్చింది. పరీక్షకుడు అదే గొడుగుతో, అదే కుర్చీలో కూర్చున్నారు. కెమిస్టు రంగు పరీక్ష చేసింది. తెలుపు తెలుపుగానే ఉండిపోయింది. నేను పట్టీ అడుగున సుద్దతో ఒకటి అని రాశాను. అంతే రాశాను. మిల్లాయన వెనక సీటులోకి ఎక్కి, భార్య చెప్పినట్టు బెల్టు బిగించుకుని, పక్కలకు చూస్తూ కూర్చున్నారు.

"ముందేముందో చెప్తూ ఉండు," అన్నారు ఆవిడతో.

"నాకు మాత్రం కనబడి చస్తుందా, తోక లేచేదాకా!" అంది ఆవిడ, దూది పెట్టుకుంటూ.

విమానం కదిలింది. మొదట ఎప్పటిలాగే పోయింది, తోక ఊగుతూ, పొడి లేపుతూ. తర్వాత మోత మారింది. పొడిలోంచి తోక, ఎవరో కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టు, మెల్లగా పైకి లేచింది. ఆ క్షణం నుంచి నా కమాను మీద ఏ భారమూ లేదు. ముప్పై నాలుగేళ్ళుగా బరువు మోసే వస్తువులే చూశాను. తన పని పూర్తిచేసి, గాలిలో ఊరకే వేలాడుతున్న వస్తువును చూడడం అదే మొదలు. పొడుగాటి తెల్లటి నేల మీద విమానం రెండు చక్రాల మీద చదునుగా, దాదాపు చప్పుడు లేనట్టుగా పోతూ ఉంది. పరీక్షకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. గొడుగు పక్కకు ఒరిగిపోయింది, ఆయన చూసుకోలేదు.

వాళ్ళు తిరిగి వచ్చి ఇంజను ఆపాక, నేను అలవాటుగా తోక కిందకు వంగాను. సుద్ద అంకె లేదు, చెరిగిపోయింది. నునుపైన ఉక్కు మీద బొటనవేలు ఆనించి చూశాను, ఏ అడ్డూ తగల్లేదు.

పైన వెనక సీటులోంచి మిల్లాయన నన్ను పిలిచారు. కళ్ళజోడు నుదుటి మీదకు జరిగి ఉంది. జుట్టు నిండా తెల్లపొడి.

"తోక ఎప్పుడు లేచిందో నాకు తెలిసిందండీ," అన్నారు. "ఈవిడ చెప్పకముందే."

"ఎలాగండీ?"

"అప్పటిదాకా నా నడుములో కిర్రు కిర్రుమంటా ఉంది. ఉన్నట్టుండి మీ కమాను మాట్లాడ్డం ఆపేసింది."